గ్లవ్‌లో చెయ్యి

స్టోరుకీపరు ఇచ్చిన సంజాయిషీని మేనేజరు రెండోసారి చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

మోటార్ల ఫ్యాక్టరీ స్టోరులో రాగితీగ చుట్టలు మాయమయ్యాయి. స్టోరు తలుపుకి రెండు తాళాలు. ఒకదాని తాళంచెవి స్టోరుకీపరు దగ్గర, రెండోది వాచ్‌మన్ దగ్గర. ఆ వాచ్‌మన్ స్టోరుకీపరుకి స్వయానా బావమరిది. ఎవరి ఉద్యోగం నిలుస్తుందో, ఎవరిది ఊడుతుందో ఇవాళ తేలిపోవాలి.

"ఈ ఇంగ్లీషు ఎవరిది?"

"నాదేనండి." ఆ గొంతులో భయంతోపాటు కాస్త గర్వం కూడా ఉంది.

"నువ్వూ వాచ్‌మనూ ఎప్పుడూ 'హ్యాండ్ ఇన్ గ్లవ్' పనిచేస్తారని రాశావు. తెలిసే రాశావా?"

"తెలుసండి. గ్లవ్‌లో చెయ్యి ఇమిడినట్టు... ఒకరికొకరం అతికినట్టు."

"అతికినట్టే ఉందిలే! ఆ మాట ఎక్కువగా దొంగపనికి వాడతారయ్యా. కుమ్మక్కయ్యారని అర్థం. కింద నీ సంతకం కూడానూ."

ఎవరిదో వీడ్కోలు సభలో ఒక పెద్దాయన అంటే, బాగుందని స్టోరుకీపరు దాచుకున్న మాట అది. దాచుకుని దాచుకుని ఇవాళేనా బయటికి తీయడం!

"అయ్యో, నా ఉద్దేశం అది కాదండి. మేమిద్దరం చేతులు కలిపి..."

సగంలో నాలుక కరుచుకున్నాడు. తెలుగులోనూ అదే గోతిలో కాలు వేశాడు.

మేనేజరుకి నవ్వొచ్చింది గానీ మింగేశాడు. "ఏ భాషలో నోరు విప్పినా ఇరుక్కుంటున్నావు. ఇదిగో తెల్లకాగితం. ఎవరి తాళం వాళ్లది, అతని సంగతి నాకు తెలీదు అని రాసెయ్. నువ్వు బయటపడతావు."

"మరి వాడో?"

"వాడి తిప్పలు వాడు పడతాడు."

అద్దం తలుపు అవతల బావమరిది టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. టోపీని ఒకవైపు తిప్పుతున్నాడు, మళ్లీ వెనక్కి తిప్పుతున్నాడు. "నీ ఇంగ్లీషే మనకి దిక్కు బావా" అని పొద్దున వాడే అన్నాడు.

స్టోరుకీపరు కలం పట్టుకున్నాడు. చుట్టలు ఎలా పోయాయో అతనికి నిజంగానే తెలీదు. కానీ వాడి తాళంచెవి ఒక్కదానితో ఆ తలుపు తెరుచుకోదు. వాడి సంగతి తెలీదని రాస్తే అంతకన్నా అబద్ధం ఉండదు. చిన్న చిన్న మాటలే ఏరుకుని రాశాడు.

మేనేజరు పైకి చదివాడు. "'వి వర్క్ టుగెదర్. ఆస్క్ బోత్.' తప్పుల్లేవు. కానీ విచారణ తేలేదాకా నిన్ను కూడా పక్కన పెట్టాల్సొస్తుంది, ఆలోచించుకో."

"ఆలోచించే రాశానండి."

మేనేజరు బెల్లు నొక్కాడు. "ఆ వాచ్‌మన్ని కూడా లోపలికి పంపండి."

బావమరిది వచ్చి చెవి దగ్గర గొణిగాడు. "ఏం రాశావు బావా?"

"నీకర్థమయ్యేదే రాశాన్రా" అని స్టోరుకీపరు కొంచెం పక్కకి జరిగి, బల్ల ముందు వాడికి చోటిచ్చాడు.