గొట్టం కింది బురద

"ఏటే ఈ కంపు? ఇల్లా, సేపల సంతా?" అన్నాడు మా ఆయన, పెరట్లో కుళాయి కింద నేను జల్లెడ కడుగుతుంటే. పక్కనున్న అంట్లగిన్నెల కంపు మాత్రం ఆయన ముక్కుకి ఆనదు. మురళీమోహన్ చీపురుపల్లిలో లెక్చరర్. క్లాసులో పుస్తకాల తెలుగు, నా దగ్గర ఈ తెలుగు.

నా పని బురదతో. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర బురద తవ్వి, జల్లెడ పట్టి, అందులో బతికే పురుగుల్నీ గుల్లల్నీ లెక్కబెడతాను. మూడేళ్లుగా రెండు మొగలు చూస్తున్నాను. ఒకదాని ఒడ్డున ఫ్యాక్టరీ మురుగు వదిలే గొట్టం ఉంది, రెండోదానికి లేదు. వరదొస్తే ఉప్పు తగ్గి రెండుచోట్లా గుల్లలు చస్తాయి. గొట్టం లేనిచోట మాఘమాసానికల్లా మళ్లీ పుట్టుకొస్తాయి. గొట్టం కింద రావు. అక్కడ ఒకే రకం సన్న ఎర్రపురుగు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి?

అయినా మా ప్రొఫెసర్ నారాయణమూర్తి గారు పొద్దున్నే ఫోన్ చేశారు. "అమ్మా పద్మకుమారీ, గుల్లలు పోయింది వరద వల్ల, సహజం అని రిపోర్టు రాసి పంపాను, సంతకం పెట్టేయ్. రేపు అధికారులకివ్వాలి. నీకెందుకమ్మా లేనిపోని గొడవ?" పేపర్లు అచ్చయినప్పుడు నా పేరు చివర్న కృతజ్ఞతల్లో ఉంటుంది. ఈ అబద్ధానికి మాత్రం నా సంతకమే కావాలట! ఒళ్లు మండిపోయింది.

గొట్టం తీయించమని మొగ ఒడ్డు పల్లెలో ఉండే తాతమ్మ పెట్టిన అర్జీ ఆ కాగితంతోనే తేలిపోతుంది. నలభై ఏళ్లుగా ఆ మొగలో గుల్లలేరి బతికిన మనిషి. "వరద మాకు కొత్తేటమ్మా? వస్తాది, పోతాది. గుల్లలు మళ్లీ వస్తాయి. ఆ గొట్టం ఎట్టినకాడ్నించే రాలేదు. సదువుకున్నదానివి, నువ్వైనా సెప్పు," అంది ఆమధ్య నేను మొగకి వెళ్లినప్పుడు, మోకాల్లోతు బురదలో నిలబడి.

కుళాయి కట్టేసి లేవబోతే నడుం పట్టేసింది. గోడ పట్టుకున్నాను.

"ఆడోళ్లకి నడుంనొప్పి సహజమే. మాయమ్మకీ ఉండీది. ముందు టీ ఎట్టు," అన్నాడు మా ఆయన, ఫోన్లోంచి తలెత్తకుండా.

సహజం! ఒక్కపూటలో ఇది రెండోసారి. ఎంత సులువుగా నోటికొస్తుందో వీళ్లకి ఆ మాట. పోయిన నెల మొగ దగ్గర క్యాంపులో పది రోజులున్నాను. రోజుకి ఇరవై బకెట్ల బురద మోసి, ఎవరో వండిపెడితే తిని, నేలమీద చాపేసుకుని పడుకున్నాను. ఒక్కనాడూ నడుం నొప్పి రాలేదు. ఇంటికొచ్చి ఈ బిందెలూ బట్టలూ పిండి రుబ్బడాలూ మొదలుపెట్టిన మూడోనాడు వచ్చింది. అదే నడుం, అదే వయసు. మారింది చోటొక్కటే. పురుగుల సంగతి మూడేళ్లలో తేల్చినదాన్ని, నా ఒంటి సంగతి పెళ్లయి పదకొండేళ్లయినా తేల్చుకోలేదు. ఛీ, ఏం చదువు నాది!

టీ పెట్టలేదు. తడిచేతులు చీరకి తుడుచుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. ప్రొఫెసర్ గారి వాక్యంలో "వరద వల్ల, సహజం" కొట్టేసి "గొట్టం వల్ల, మనుషులు చేసింది" అని రాశాను. రెండు మొగల లెక్కలూ జతచేసి, సంతకం పెట్టి, నేరుగా అధికారులకే పంపాను. తాతమ్మకి ఇవ్వడానికి ఒక కాపీ తీసి సంచిలో పెట్టుకున్నాను. బట్టలు కూడా సర్దుకున్నాను.

"ఏటే, టీ ఏదీ? ఎక్కడికి?"

"మొగకి ఎల్తన్నాను. అక్కడ కూడా నడుం నొప్పొస్తే, సహజమే అనుకుని తిరిగొస్తాను."