దూదేకుల వీధి మొగలో ఊదిన బాకా

నేను ఒక ఇత్తడి బాకాను. ఉత్తరాదిలో ఏదో కంచరి వీధిలో సమ్మెట దెబ్బలు తిని, మెడ వంచుకుని పుట్టాను. మీట లేదు, తీగ లేదు. ఎవరు ఊపిరి పోస్తే వాళ్ల మాటే నా మాట. మనుషుల్లోనూ నాలాంటి వాళ్లకు కొదవ లేదని తర్వాత తెలిసింది.

నన్ను మొదట కొన్నది ఇనుప కంకణ దళం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. కంచుమర్తి కోటేశంగారు విదేశీ పత్రికలో కవాతు బొమ్మలు చూసి ముచ్చటపడి, కుర్రాళ్లకు నల్లచొక్కాలు తొడిగి చేతికి కర్రలిచ్చారు. ఊరు మనదన్నారు. ఆ 'మన'లోంచి ఎవరిని తీసెయ్యాలో కూడా వారే సెలవిచ్చారు. ఒక సాయంత్రం దూదేకుల వీధి మొగలో నన్ను ఊదించారు. ఆ కూతకి కర్రలు లేచాయి, దూది కొట్లు అంటుకున్నాయి.

యుద్ధం వచ్చి దళం చెదిరింది. నేను అటకెక్కాను. కోటేశంగారు పోయాక, పరుపులకు దూది ఏకడానికి వచ్చిన నాగూరు చేతిలో ఆయన భార్య నన్ను పెట్టేసింది.

"తీసుకుపో నాయనా. ఇది నెత్తిమీదుంటే నాకు నిద్ర పట్టదు."

ఆ తల్లి కడుపు చల్లగుండ! నాగూరుది ఆ కాలిన వీధే. నన్ను కరిగించి చెంబు చేసుకున్నా అడిగేవాడు లేడు. అతను మాత్రం చింతపండుతో తోమి, పెళ్లిమేళం పెట్టాడు. నేను ఏ వీధి మొగలో కూస్తే ఆ వీధి ఆడవాళ్లు, పెళ్లి ఎవరిదని అడక్కుండా, మజ్జిగ బిందెలతో ఎదురురావడం ఊరికి అలవాటైపోయింది.

నాగూరు తర్వాత నన్ను అతని కూతురు మస్తానమ్మ అందుకుంది. మొన్న ఎండాకాలం కోటేశంగారి మునిమనవడు మౌళి, నల్లచొక్కాతో ఆమె గుమ్మంలో దిగాడు. దళాన్ని మళ్లీ లేపాడట.

"అది మా ముత్తాత బాకా, మస్తానక్కా. ఇచ్చెయ్. ఆదివారం మీ వీధి మొగలో, ఆయన ఊదించిన చోటే ఊదాలి."

"పట్టుకుపో బాబూ. ఊదేదెవరు?"

అతని వెంట వచ్చిన కుర్రాళ్లు తలా ఒకసారి ఊదారు. గేదె ఈనలేక అరిచినట్టొచ్చింది.

"నేనే వస్తాలే. నాకొచ్చిన కూత మాత్రం ఒకటే, ముందే చెబుతున్నా."

ఆదివారం మస్తానమ్మ ముందు నడిచింది, వెనక కర్రలు. నినాదాలు విని వీధంతా తలుపులు బిగించుకుంది. ఆ మొగ చూడగానే అంత ఎండలోనూ నా ఒళ్లు చల్లబడింది.

"ఊదక్కా!" అన్నాడు మౌళి.

మస్తానమ్మ గుండెనిండా గాలి పీల్చి, వాళ్ల నాయన నేర్పిన పెళ్లికూత ఊదింది. ఒక తలుపు తెరుచుకుంది. ముసలి కాశింబి మజ్జిగ చెంబుతో బయటికొచ్చింది. ఆమె వెనక బిందెలు కదిలాయి.

"ఇంత ఎండలో నల్లచొక్కా ఏంట్రా అయ్యా, ఉడికిపోవూ! పెళ్లికొడుకువి నువ్వేనా? పిల్లదేవూరు?"

వెనకెవడో కిసుక్కుమన్నాడు. నిండు చెంబు పట్టాలంటే రెండు చేతులూ కావాలి. కర్రలు ఒక్కొక్కటే గోడకి చేరాయి. మౌళి తాగలేదు. "నడవండిరా!" అని అరిచాడు. గుటకల్లో ఎవరికీ వినపడలేదు.

అతను మళ్లీ వస్తాడు. ముత్తాతల అటకలు దేవేవాళ్లకు అలుపుండదు. ఆ సంగతి మస్తానమ్మకీ తెలుసు, అందుకే నన్ను చేతికందే మేకుకే తగిలించింది.

కుర్రాళ్లు గోడకి ఆనించి మరిచిపోయిన కర్రలతో వీధివాళ్లిప్పుడు పాత పరుపులు దులుపుతున్నారు. ఆ చప్పుడు వింటూ, ఎగిరే దూదిని చూస్తూ, నాగూరు ఊపిరికి దండం పెట్టుకుంటాను.