ఇద్దరి కోసం

ఖమ్రున్నీసా కుడిచేత్తో రాట్నం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నూలు వదులుతూనే పిల్లల చదువు వింటోంది. అక్షరం తప్పు పలికితే రాట్నం ఆగేది. తలెత్తకుండానే సరిదిద్ది మళ్లీ తిప్పేది.

మగ్గాలకు కండెలు చుట్టీ చుట్టీ ఆమె చూపుడువేలికి గాడి పడింది. ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు మోసిన భర్త దగ్గుతోనే పోయాడు. పిల్లల్లేరు. ప్రొద్దుటూరులో ఆ వీధి ముస్లిం ఆడపిల్లలందరూ ఖురాన్ తొలి అక్షరాలు దిద్దింది ఆమె దగ్గరే. ఎవరు ఏ భయం చెప్పుకున్నా ఆమెది ఒకటే మాట.

"అల్లాను అడగండమ్మా. ఆయనకు వినపడని మాట లేదు."

ఎన్నికల నామినేషన్ల రోజు కావడంతో గొడవల భయానికి ఇవాళ ఇద్దరే వచ్చారు. మెహబూబున్నీసా తండ్రి లాల్ బాషా ఒక పార్టీ నాయకుడి జీపు తోలుతాడు. గౌసియా తండ్రి సర్దార్ ఎదుటి పార్టీ నాయకుడికి డ్రైవరు. తండ్రులు పలకరించుకోవడం మానేసి ఏళ్లయింది. కూతుళ్లు మాత్రం ఒకే చాప మీద కూర్చుంటారు. తెల్లారకముందే రెండు జీపులూ జమ్మలమడుగుకు పోయాయి.

"మా అబ్బా మర్చిపోతాడని జీపు కాడికి పోయి ప్రయాణం దువా చదివించినా ఖాలా," అంది మెహబూబున్నీసా.

"నేను కూడా చదివించినా," అంది గౌసియా.

ఖమ్రున్నీసా నవ్వింది. "మంచి పని చేసినారు."

పొద్దెక్కాక పక్కింటి ఇందిరమ్మ గోడ మీదుగా తొంగి చూసింది. "అక్కా, జమ్మలమడుగు దారిలో జీపు మీద బాంబులేసినారంట. డ్రైవరు పోయినాడంట."

"ఎవురి జీపు?"

"అదే తెలీల్యా."

ఇందిరమ్మ గొంతు తగ్గించే చెప్పింది. అయినా పిల్లలు విన్నారు. గౌసియా రెండు చేతులూ పైకి చాపింది. మెహబూబున్నీసా కూడా చాపింది. ఇద్దరూ ఖమ్రున్నీసా వైపు చూశారు.

"యా అల్లా..." అని ఆగిపోయింది ఆమె. ఆ తర్వాతి మాట ఎటు తిరిగినా ఒక బిడ్డకు తగులుతుంది.

"ఇద్దరి కోసం అడగండమ్మా," అంది చివరికి.

"ఒకరు పోయినారంట గదా ఖాలా," అంది మెహబూబున్నీసా. "ఇద్దరి కోసం ఎట్ల అడగాల?"

ఖమ్రున్నీసా రాట్నం పక్కకు జరిపింది. ఇద్దరి తలలనూ ఒళ్లోకి లాక్కుంది.

కాసేపటికి వాకిట్లో మెహబూబున్నీసా మేనమామ వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"రామ్మా మెహబూబ్. ఇంటికి పోదాం."

ఖమ్రున్నీసా ఒళ్లో ఒక తల బిగుసుకుంది. రెండో తల దగ్గర నుంచి ఊపిరి ఒకటి వెచ్చగా, పొడుగ్గా బయటికి వచ్చింది. ఆ ఊపిరి విన్నందుకు ఆమెకు గౌసియా మీద కోపం రాలేదు. దేవుణ్ణి ఏం అడగాలో కూడా తోచలేదు.

మెహబూబున్నీసా లేచి, కాళ్లకు తగిలిన చెప్పులు వేసుకుని మేనమామ వెంట పరుగెత్తింది.

తర్వాత గౌసియా వాకిట్లోకి వచ్చింది. తన చెప్పులు లేవు. మిగిలిన జతలో కాలు పెట్టబోయి వెనక్కి తీసుకుంది. వట్టి కాళ్లతోనే ఎండలో ఇంటికి పోయింది.

గడప పక్కన మెహబూబున్నీసా ఆకుపచ్చ రబ్బరు చెప్పులు ఉండిపోయాయి. మొన్న ఒకదాని పట్టీ తెగితే లాల్ బాషా జీపు వైరుముక్కతో బిగించి, బిడ్డ పాదానికి గుచ్చుకోకుండా కొసను లోపలికి మడిచిపెట్టాడు.