పక్క కాలనీ కుక్కలు

తెల్లవారింది కానీ ఇంకా పాల ప్యాకెట్లు గుమ్మాల్లో పడలేదు. తిరుపతి తన ట్రాలీ ఆటోను రేకుల గదుల ముందు నిలిపి, వెనక తొట్టిలో ఫినాయిలు పోసి చీపురుతో రుద్ది రుద్ది కడుగుతున్నాడు.

"ఏంది, ఇయ్యాల గూడ కడుగుడేనా? మొన్ననే గద కడిగినవ్," అంది అతని భార్య స్వర్ణలత, టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ. "సిమెంటు బస్తాలేసే బండికి గింత ఫినాయిలెందుకు?"

"కిరాయి వడ్డది. జర గలీజు సామాను," అన్నాడు తిరుపతి తల ఎత్తకుండా.

ఆ గలీజు సామాను ఏమిటో స్వర్ణలత అడగలేదు. ఆమె తొందర ఆమెది. ఏడేళ్ళ కూతురు సంతోషిని బడి దగ్గర దింపి, మల్లాపూర్‌లో తాను కుట్టుపని చేసే బట్టల కంపెనీకి గేటు మూయకముందే చేరుకోవాలి. ఆమె అడగకపోయినా మీకు నేను చెబుతాను. ఆ సామాను కుక్కలు.

నాచారం నుంచి ఉప్పల్ వైపు వెళ్ళే లోపలి దారుల్లో రెండు కాలనీలు వీపులు ఆనించుకొని ఉన్నాయి. ఒకటి అరుణోదయ కాలనీ, రెండోది శాంతివనం కాలనీ. రెండింటికీ చెరొక సంక్షేమ సంఘం, చెరొక కమాను, చెరొక వాట్సాప్ గ్రూపు, చెరొక గణపతి మండపం. రెంటికీ నడుమ ఒక ఇరుకు సందు, ఆ సందులో కూలీనాలీ చేసుకునేవాళ్ళుండే రేకుల గదులు. ఆ గదులు ఎవరి కిందికి వస్తాయని అడిగితే మాత్రం రెండు సంఘాలూ ఒక్క గొంతుతో జవాబు చెబుతాయి: "మావి కావు."

కుక్కల బెడద నిజమే. కాదని ఎవరూ అనరు. మున్సిపాలిటీ పశువుల డాక్టరు ఒకసారి స్వయంగా వచ్చి రెండు సంఘాల పెద్దలనూ కూర్చోబెట్టి చెప్పాడు. "రెండు కాలనీల్లో ఒకేసారి పట్టాలి. ఆపరేషన్లు చేసి, టీకాలు వేసి, ఏ వీధిలో పట్టామో ఆ వీధిలోనే వదలాలి. ఒకచోట చేసి ఇంకోచోట వదిలేస్తే చేసిందంతా దండగ. మీరు కలిసి మనుషుల్ని ఇవ్వండి, వీధులు చూపించండి. మా బండి పంపిస్తాం." అందరూ తలలూపారు. సమోసాలు తిన్నారు, చాయ్ తాగారు. ఎవరు చూసినా ఈ రెండు కాలనీలకు మంచి రోజులొచ్చాయనే అనుకునేవారు.

అప్పుడు ఫ్లెక్సీ మాట వచ్చింది.

కుక్కల టీకా శిబిరం అన్నాక ఫ్లెక్సీ ఉండాలి కదా. ఆ ఫ్లెక్సీ మీద ఏ సంఘం పేరు ముందుండాలి? అరుణోదయ అధ్యక్షుడు చిదంబరం గారు బ్యాంకు మేనేజరుగా రిటైరయినవారు, పద్ధతి మనిషి. "ముందు రిజిస్టరయింది మా సంఘమండీ. వరస ప్రకారం మాదే ముందుండాలి," అన్నారు. శాంతివనం అధ్యక్షుడు దయాకర్‌కు హార్డ్‌వేర్ దుకాణం ఉంది, గొంతు కూడా ఉంది. "ఇండ్లు మాయి ఎక్కువ. మంది మా తాన ఎక్కువ. మాది కిందెట్ల ఏస్తరు?" అన్నాడు. పక్కపక్కన వేద్దామన్నారు. అయితే ఎడమ ఎవరిది, కుడి ఎవరిది? ఆ చర్చ జరుగుతుండగానే డాక్టరు ఇచ్చిన తేదీ దాటిపోయింది, మున్సిపాలిటీ బండి లాలాపేట్ వైపు వెళ్ళిపోయింది. ఫ్లెక్సీ అచ్చు కాలేదు, కుక్కలకు టీకా పడలేదు.

చదువుకున్నవాళ్ళు, సంసారాలు ఈదినవాళ్ళు, ఇంట్లో పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు ఇలా ఎందుకు చేస్తారో నాకు ఎన్నిసార్లు ఆలోచించినా అర్థం కాదు. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత చిదంబరం గారికి ఒక ఉపాయం తోచింది. తిరుపతిని పిలిపించి మెల్లగా చెప్పారు: "మా వీధుల్లో కుక్కల్ని కాస్త అవతల దింపేసి రావయ్యా. అవతలంటే... అదే, వాళ్ళవైపు. మూడో మనిషికి తెలియకూడదు."

కొన్నాళ్ళకు దయాకర్ కూడా అదే తిరుపతిని పిలిచాడు. "మా గల్లీలల్ల కొత్త కుక్కలు దిగినయ్ రా. గా అరుణోదయోళ్ళయే అయ్యుంటయ్. ఎక్కించుకపోయి ఆళ్ళ తాననే ఇడిసిపెట్టు. మందికి తెల్వనియ్యకు."

తిరుపతి ఇద్దరికీ సరేనన్నాడు. రెండు కాలనీల్లో ఇల్లు మారినా, ఇసుక దిగినా కిరాయి అతనిదే. పెద్దమనుషుల మాట కాదంటే పొయ్యిలో పిల్లి లేవదు. ఇటు కుక్కల్ని అటు, అటు కుక్కల్ని ఇటు చేరవేస్తూ ఎవరి గుట్టు వారికి దాచాడు. రెండు సంఘాలకూ ఒకే తీరుగా పనిచేసినవాడు బహుశా అతనొక్కడే.

ఒక్క చిక్కు ఉంది. రెండు కాలనీల్లోనూ సీసీ కెమెరాలున్నాయి. ఎవరి కెమెరాలోనూ పడకుండా కుక్కల్ని దించాలంటే ఉన్న చోటు ఒక్కటే. అది తిరుపతి కాపురముండే రేకుల గదుల సందు. దించేస్తే అవే ఎటో పోతాయిలే అనుకున్నాడు. పోయిన కుక్కలు ఎక్కడా నిలవలేకపోయాయి. ఇటు పోతే ఇక్కడి కుక్కలు తరిమాయి, అటు పోతే అక్కడివి తరిమాయి. తెలిసిన వీధి లేక, ముద్ద పెట్టే చెయ్యి లేక, ఒకదాన్నొకటి చీల్చుకుంటూ ఆ సందులోనే తిరిగాయి.

వాటిలో బంగారి ఒకటి. అరుణోదయ కాలనీలో రిటైర్డ్ టీచరు కమలకుమారి గారు రోజూ పెరుగన్నం పెట్టి సాకిన లేత గోధుమరంగు కుక్క అది. మెడలో ఎర్ర ఊలు దారం కూడా ఆవిడే కట్టారు. స్కూలు పిల్లలు తోక పట్టుకొని లాగినా పళ్ళు చూపించి ఎరగదు. ఒక ఉదయం అది కనబడకపోయేసరికి ఆవిడ వీధివీధీ తిరిగారు. ఎదురొచ్చిన తిరుపతిని కూడా అడిగారు.

"మా బంగారి ఎక్కడైనా కనిపించిందా నాయనా?"

"లేదమ్మా," అన్నాడు తిరుపతి.

ఆ వారంలోనే జరిగింది. సంతోషి పొద్దున్నే సందు చివర కొట్టుకు పాల ప్యాకెట్టు కోసం వెళ్ళింది. అక్కడ మూడు నాలుగు కుక్కలు ఒక కుక్కను గోడకు తరిమి పెట్టి కరుస్తున్నాయి. పిల్ల జడుసుకొని పరుగెత్తింది. తప్పించుకున్న ఆ కుక్కా అదే దారిన పరుగెత్తింది. నెత్తురోడుతూ, బెదిరిపోయి, ఎవరేమిటో తెలియని స్థితిలో అడ్డొచ్చిన చిన్న పిక్కను కరిచేసింది.

కేక విని తిరుపతి కట్టె పట్టుకొని ఉరికాడు. ఎత్తిన కట్టె ఎత్తినట్టే ఆగిపోయింది. కుక్క మెడలో ఎర్ర దారం ఉంది. దాన్ని బండి ఎక్కించినప్పుడు ఆ దారం పట్టుకునే ఎక్కించాడు.

సర్కారు దవాఖానాలో గాయం కడిగి మందు వేశారు. సూదులు మొదలయ్యాయి. గాయం మానే దారిలో పడింది కానీ పిల్ల మనసు పడలేదు. ఎక్కడో కుక్క మొరిగితే చాలు, తలుపు గొళ్ళెం పట్టుకొని వదలదు. బడి మానేసింది. దాన్ని ఒంటరిగా వదలలేక స్వర్ణలత పని మానింది. కంపెనీ సూపర్‌వైజరు ఫోన్ చేసి, ఇంకా రాకపోతే నీ మిషను మీద వేరే మనిషిని కూర్చోబెడతానన్నాడు. ఆమెకు కావలసింది ఒక్కటే. తన బిడ్డ మళ్ళీ ఆ సందులో నడిచి బడికి పోవాలి.

అందుకోసం ఆమె చిదంబరం గారి గుమ్మం ఎక్కింది. "అయ్యో, పాపం," అన్నారాయన, నిజంగానే బాధపడుతూ. "కానీ ఆ సందు మా పరిధిలోకి రాదమ్మా. పైగా అవి శాంతివనం కుక్కలు."

దయాకర్ దుకాణానికి పోయింది. "మా కుక్కలైతే నేనే సూస్కుందు చెల్లె. గవి అరుణోదయయి. ఆళ్ళనడుగు," అన్నాడు అతను.

"మంచిగుందన్నా," అంది స్వర్ణలత. "కుక్కకు కాలనీ ఉన్నది గని, నా బిడ్డకు లేకపాయె."

ఎర్ర దారం మాట ఆ నోటా ఈ నోటా పడి కమలకుమారి గారి చెవిన పడింది. ఆవిడ ఆ సాయంత్రమే రేకుల గదులకు వచ్చారు. గదుల వెనక గాయాలతో పడి ఉన్న బంగారిని చూశారు, తర్వాత సంతోషి కాలు చూశారు. ఎవరి కోసం ఏడవాలో తెలియక గడప మీద కూలబడ్డారు.

"ఇది కరిచే కుక్క కాదమ్మా," అన్నారు స్వర్ణలతతో. "అసలు ఇక్కడికి ఎలా వచ్చింది? ఎవరో తెచ్చి పడేస్తేనే గాని రాదు. రెండు సంఘాలనూ పిలిచి అడుగుతాను. ఇది తేలాల్సిందే." కుక్కను ఇంట్లో కట్టేసి డాక్టరుకు చూపిస్తానని చెప్పి తీసుకెళ్ళారు.

గది లోపల మూలకు కూర్చున్న తిరుపతి ఆవిడ వెళ్ళేదాకా అక్కడి నుంచి కదల్లేదు. వెళ్ళాక అన్నాడు:

"నేనే తెచ్చిన."

స్వర్ణలతకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫినాయిలు వాసన గుర్తొచ్చింది. లేచి బిడ్డ కాలి మీది కట్టు సవరించింది.

"నాకు చెప్పినవ్. ఆళ్ళ ముంగట చెప్పు," అంది చివరకు.

"కిరాయిలు పోతయ్ లత."

"నా కొలువు పోతనే ఉన్నది. బిడ్డ బడి పోయింది. ఇంకేం మిగిలిందని దాస్తవ్?"

కమలకుమారి గారు పట్టుబట్టి సమావేశం ఏర్పాటు చేశారు. నీ హాలుకు నేను రానంటే నీ హాలుకు నేను రానని ఇద్దరు అధ్యక్షులూ బిగుసుకోవడంతో, విసిగిపోయిన ఆవిడ ఆ సందులోనే కుర్చీలు వేయించారు. అరుణోదయ వాళ్ళు తమ నీలం కుర్చీలు తెచ్చుకున్నారు, శాంతివనం వాళ్ళు తమ ఎర్ర కుర్చీలు. సభ మొదలవగానే మీ కుక్కలంటే మీ కుక్కలని అరుపులు లేచాయి. కెమెరాల రికార్డులు చూపిస్తామన్నారు. పోలీసు కేసు పెడతామన్నారు. పిల్ల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

తిరుపతి లేచాడు. "లొల్లి ఆపుండ్రి సార్లు. ఇటుకెల్లి అటు నేనే తీస్కపోయిన. అటుకెల్లి ఇటు గూడ నేనే. చిదంబరం సారు చెప్పిండు, దయాకరన్న చెప్పిండు. కెమెరాలు లేవని ఈ సందుల్నే ఇడిసిన. అమ్మా, మీ బంగారిని తోలుకొచ్చింది నేనే. అడిగితే లేదన్న. నా బిడ్డనే కరిసింది."

ఇద్దరు అధ్యక్షులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తేరుకున్నాక చిదంబరం గారే మొదలుపెట్టారు: "ఎవరేం చెప్పినా చేసినవాడికి బుద్ధి ఉండొద్దా? ఇలాంటి మనిషికి రెండు కాలనీల్లోనూ కిరాయి ఇవ్వకూడదు."

"సారు కరెక్టు చెప్పిండు. నేనూ గదే అంటున్న," అన్నాడు దయాకర్.

ఇన్నేళ్ళలో ఆ రెండు సంఘాలు ఏకగ్రీవంగా చేసిన మొదటి తీర్మానం అదే. నీలం కుర్చీలూ ఎర్ర కుర్చీలూ కలిసి చప్పట్లు కొట్టాయి.

అప్పుడు స్వర్ణలత గదిలోంచి బిడ్డను చంకనెత్తుకొని వచ్చింది. ఏడేళ్ళ పిల్లను ఎత్తుకోవడం కష్టమే. కానీ కింద నిలబడడానికి సంతోషి ఒప్పుకోలేదు. నీలం కుర్చీలకూ ఎర్ర కుర్చీలకూ మధ్య ఆగి, పిల్ల పిక్క మీది కట్టు అందరికీ కనబడేలా తిప్పి చూపించింది.

"నా మొగనిది తప్పే. కాదంట లేను. ఆయన సంగతి నేను సూస్కుంట," అంది. "మీ రెండు సంఘాలు ఎన్నడు కల్సి పని జెయ్యలేదంటరు గద అందరు. జేసిన్రు. ఇగో, సూడుండ్రి. మీరు ఇటుకెల్లి తోలిన్రు, మీరు అటుకెల్లి తోలిన్రు. మీ రెండు సంఘాలు కల్సి జేసిన పని ఇదొక్కటే. నా బిడ్డ కాలు మీద ఉన్నది."

చప్పట్లు కొట్టిన చేతులు ఒళ్ళో పడ్డాయి. కమలకుమారి గారు కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "నాదీ తప్పుంది," అన్నారు. "బంగారి కోసం మా కమాను దాకా వెతికి వెనక్కి పోయాను. అవతల మనది కాదు కదా అనుకున్నాను. ఇంకో నాలుగడుగులు వేసుంటే ఆ రోజే దొరికేది. ఈ పిల్లకు ఈ గాయం ఉండేది కాదు."

చిదంబరం గారు లేచి, డాక్టరు నంబరు ఎవరి దగ్గరుందని అడిగారు. ఫోనులో వెతికి ఇచ్చింది దయాకర్.

తర్వాత శిబిరం జరిగింది. ఫ్లెక్సీ కట్టలేదు. రెండు కాలనీల మనుషులూ వీధులు చూపించారు. తిరుపతి ట్రాలీ మళ్ళీ కుక్కలను మోసింది, ఈసారి పట్టపగలు, ఏ వీధి కుక్కను ఆ వీధికి. దించిన ప్రతిచోటా స్వర్ణలత దగ్గరుండి చూసింది. బంగారికి జబ్బేమీ లేదని తేలింది. సంతోషి బడికి పోతోంది. తల్లి కొంగు పట్టుకొనే పోతోంది, ఎర్ర దారం కనబడితే అవతలి అంచుకు జరుగుతోంది.

అంతా బాగయిందని నేను రాయలేను. శిబిరం అయ్యేనాటికి మల్లాపూర్‌లో స్వర్ణలత మిషను మీద వేరే మనిషి కుట్టుకుంటోంది. ఇప్పుడామె చర్లపల్లిలో, ఇంకా దూరంలో, ఇంకా తక్కువకు పని చేస్తోంది. డాక్టరు మొదటిసారి చెప్పినప్పుడే ఆ పెద్దలు కలిసి ఉంటే ఆమె కొలువు ఉండేది, ఆ పిల్లకు ఆ భయం ఉండేది కాదు. ఆ నష్టాన్ని ఏ సంఘమూ తన ఖాతాలో రాసుకోలేదు. ఈ మధ్య రెండు సంఘాలూ సందులో మురుగు పొంగే మోరీ సంగతి కలిసి చూడాలనుకుంటున్నాయి. ప్రారంభోత్సవానికి ఎవరిని పిలవాలన్న మాట అప్పుడే వచ్చిందని విన్నాను.

అయ్యా, అమ్మా, మీ కాలనీలోనూ ఒక కమాను ఉంటుంది, దాని అవతల ఒక సందు ఉంటుంది. పక్కవాళ్ళ వైపు తోసేసిన కష్టం ఎక్కడికీ పోదు. ఎవరికీ కాని సందులో కాచుకొని, అందరికంటే చిన్న కాలును కరుస్తుంది.