పొలాలు కడిగిన నీళ్లు

"నీళ్లలో బ్రోమ్ కలుపుతున్నారట!"

గేటు కాపలాదారు ఒరిన్‌బాయ్ చెవిన పడింది అంతే, ఊరంతా చాటాడు. నిజానికి ప్రయోగశాలలో పనిచేసే బీబీనాజ్ ఫోన్లో అన్నది "బ్రోమైడ్ పెరిగింది" అని. ఆ ఊళ్లో సైన్యం నుంచి వచ్చిన ప్రతివాడికీ ఒకటే నమ్మకం: బ్యారక్ టీలో బ్రోమ్ కలిపి మగతనానికి మగత తెప్పించేవారని. మధ్యాహ్నానికి నలభైమంది మగాళ్లు ఆము నది ఒడ్డునున్న నీటిశుద్ధి కేంద్రం గేటు పట్టుకుని ఊపుతున్నారు.

లోపల ఇంకో పోరు. అధికారి సార్సెన్‌బాయ్ గ్లాసుడు నీళ్లు తెల్లకాగితం ముందు పెట్టి చూశాడు. నీళ్ల శుద్ధికి ఇప్పుడు ఓజోన్ వాడుతున్నా, క్లోరిన్ రోజుల నాటి అలవాటు పోలేదు. పసుపుపచ్చగా కనబడితే మందు వదిలే మర ఇంకాస్త తిప్పడమే.

"ఓజోన్ పెంచండి. బీబీనాజ్, సంతకం పెట్టు. రెండు గంటలకు ఊళ్లోకి నీళ్లు వదలాలి."

"పెట్టను సార్సెన్‌బాయ్ అగా. పత్తి వేసేముందు పొలాల ఉప్పు కడిగిన నీళ్లివి. ఉప్పుతోపాటు బ్రోమైడ్ వస్తోంది. తనంతట తాను అది సాధువే, ఓజోన్ తగిలిందా బ్రోమేట్ అవుతుంది. ఏళ్లతరబడి తాగితే క్యాన్సర్ ముప్పు. పైగా నీళ్లలో క్షారం ఎక్కువుంది, ఇంకా తొందరగా తయారవుతుంది."

"నీ ఓజోన్ పురాణం నాకక్కర్లేదు. సంతకమో, రాజీనామానో! ముందు గేటు దగ్గర నువ్వు పెట్టిన మంట ఆర్పు."

ఆవిడ వెళ్లింది. అతను వినోదం చూడ్డానికి వెనకే వచ్చాడు.

"మా పడక చల్లార్చింది నువ్వేనా?" గుంపులోంచి రైతు కల్లీబెక్ అరిచాడు.

"నీ పడక చల్లారి పదేళ్లయింది, నీళ్లని అనకు," వెనకనుంచి అతని భార్య.

బీబీనాజ్ నవ్వలేదు. "పొలం ఎన్నిసార్లు కడిగావు అగా?"

"మూడుసార్లు. కడగనివాడెవడు?"

"ఆ నీళ్లు ఎటు పోయాయి?"

"మురుగుకాలువలోకి."

"కాలువ ఎటు పోయింది?"

కల్లీబెక్ నదివైపు చూశాడు.

ఆవిడ లోపల చెప్పిందంతా ఇక్కడా చెప్పి, చివర అంది: "ఓజోన్ తగ్గించాలి. నీళ్లలో కాస్త ఆమ్లం కలపాలి. పచ్చరంగు కొంచెం ఉంటుంది. ఈయన ఒప్పుకోవడం లేదు."

నలభై ముఖాలూ సార్సెన్‌బాయ్ మీదికి తిరిగాయి.

"పచ్చగా ఉంటే నన్నేగా తిడతారు!" అన్నాడతను.

"ఇప్పుడు మాత్రం పొగుడుతున్నామా? తగ్గించు!" కల్లీబెక్ మళ్లీ గేటు ఊపాడు.

పళ్లు కొరుకుతూ లోపలికి వెళ్లి సార్సెన్‌బాయే ఓజోన్ మర తగ్గించి, ఆమ్లం కలిపించాడు. ఓజోన్ మీటరు ముల్లు దిగేదాకా బీబీనాజ్ పక్కనే నిలబడి చూసి, అప్పుడు సంతకం పెట్టింది. ఆవిడ తిరిగొచ్చేసరికి గేటు దగ్గర ఒక్కడూ కదల్లేదు.

"అది సరే... మరి బ్రోమ్ సంగతి?" ఎవరో గొణిగారు.

ఆవిడ గేటు చువ్వ ఎక్కి గొంతెత్తింది. "అందరూ వినండి! బ్రోమ్ ఎవరూ కలపలేదు. ఫోన్లో నేనన్నది బ్రోమైడ్. అది మీ పొలాల్లోంచే వచ్చింది. దాన్ని బ్రోమేట్ చేస్తున్నది మా ఓజోన్. రెండిట్లో దేనికీ మీ మగతనంతో పనిలేదు!"