యూపీఎస్‌కి కప్పిన దుప్పటి

కరెంటు పోయినా బాబాయి ఆక్సిజన్ మిషన్ ఆగకూడదని పెట్టిన యూపీఎస్ వారం నుంచి ఒకటే కూత. పిన్ని కబురు పెడితే, ఆవిడ అక్క కూతురు వచ్చింది. ఆ అమ్మాయిది యూపీఎస్‌లు బాగుచేసే పని. బాబాయి మంచం పక్కన యూపీఎస్ దుప్పటి ముసుగేసుకుని కనబడింది.

"ఏంటి పిన్నీ, దీనికి చలిజ్వరమా?"

"వెటకారాలాపవే. దాని గోలకి మీ బాబాయికి కునుకు పట్టట్లేదని కప్పా. ఇంకా ఎక్కువ అరుస్తోంది."

అమ్మాయి దుప్పటి తీసింది. యూపీఎస్ పెనంలా కాలుతోంది. గాలి రంధ్రాలు మూసుకుపోయి, వేడికి బ్యాటరీ ఉబ్బిపోయింది.

"ముందు బ్యాటరీ పాతబడిందని అరిచింది పిన్నీ. తర్వాత ఊపిరాడట్లేదని అరిచింది. ఇప్పుడు కరెంటు పోతే నిమిషం కూడా నిలబడదు."

పిన్ని మంచం వైపు చూసి గోడకి చేరగిలబడిపోయింది. "నా చేత్తో నేనే..."

"కరెంటు పోలేదుగా." అమ్మాయి పనిముట్ల సంచి విప్పింది.

ఆక్సిజన్ మిషన్‌ని గోడ ప్లగ్గుకి మార్చి, యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేసింది. మళ్ళీ అన్నీ కలిపి, కరెంటు ఆపి చూపించింది. ఆక్సిజన్ మిషన్ ఆగలేదు. యూపీఎస్ మాత్రం కరెంటు లేదని చెప్పడానికి కూత మొదలెట్టింది. బాబాయి విసుగ్గా కదిలాడు.

పిన్ని ఆ దుప్పటి తెచ్చి ఆయన కాళ్ళ మీద కప్పింది. "అరవనివ్వండి," అంది.