పసుపు మరకల ఫైలు

"చెయ్యి తుడుసుకోని ఈడొక సంతకం పెట్టుమే" అన్నాడు సుబ్రమణ్యం, వంటింటి గడపలో నిలబడి.

తొమ్మిదేళ్లుగా నెలకోసారి వింటున్న మాటే. పోపు చిటపటలాడుతుండగానే వస్తాడెప్పుడూ. భార్య ఎడమ చేతిలో గరిటె, కుడి చేతిలో పెన్ను. కాగితం మీద అంకెలుండవు, కింద సంతకానికి చోటు మాత్రం ఉంటుంది. "ఏందండీ ఇది?" అని మొదట్లో ఒకసారి అడిగింది అమరావతి. "అంగడి నీ పేర్న ఉండాది కదా, దానికి. నీకు అర్థం కాదులే" అన్నాడు. మళ్లీ అడగలేదు. పుంగనూరులో వాళ్ల చింతపండు మండీకి ఎప్పుడూ ఇంటి ఆడవాళ్ల పేరే. ముందు అత్తగారి పేరుతో లక్ష్మీదేవమ్మ ట్రేడర్స్, దాన్ని మూసేశాక అమరావతి ట్రేడర్స్. "నా కోడలి పేరు కలిసొచ్చె" అని మురిసిపోయేది అత్తగారు. పేరు కలిసొచ్చిందే కానీ, ఆ పేరు గల మనిషి గల్లాపెట్టె దగ్గర ఒక్కరోజు కూర్చున్న పాపాన పోలేదు.

ఈసారి కాగితం ఖాళీగా లేదు. సేల్స్ టాక్స్ ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు, అందినట్టు సంతకం కావాలట. లక్షా డెబ్బై వేల పన్ను బాకీ, కట్టకపోతే గోడౌన్లో సరుకు జప్తు. పైన 'యజమానురాలు శ్రీమతి అమరావతి' అని ఉంది. యజమానురాలు. ఆ మాటను రెండుసార్లు చదువుకుంది.

"ఏం భయం లేదు. రేపు మదనపల్లికి పోదాం. నాకేం తెల్దు సార్, ఇంట్లో ఉండే ఆడదాన్ని అని రెండు కన్నీళ్లు కార్చు. తన అంగడికి నోటీసొస్తే మా అమ్మ అంతే సేసింది. ఈలోగా మన భార్గవి పేర్న కొత్త అంగడి రాయించి, సరుకు దానికి మార్చేస్తా. పిల్లకు పద్దెనిమిది నిండె కదా."

ఆ రెండు కన్నీళ్ల తర్వాత అత్తగారు పోయేదాకా ఎలా బతికిందో అమరావతికి తెలుసు. వీధి తలుపు చప్పుడైతే చాలు, "నేను లేనని సెప్పు తల్లీ" అంటూ పెరట్లోకి పోయేది. పక్క గదిలో భార్గవి కాలేజీ నోటుపుస్తకం నిండా తన సంతకం రాసుకుంటోంది, ఏ వంపు అందంగా ఉంటుందా అని.

మర్నాడు మదనపల్లి బస్సులో అమరావతి కిటికీ పక్కన కూర్చుంది, సుబ్రమణ్యం ముందు సీట్లో. దూరంగా కొండలు మంచులో సగమే కనిపిస్తున్నాయి. తన పేరుతో ఇంకొక మనిషి ఇన్నేళ్లూ ఎక్కడో తిరుగుతోందనిపించింది. ఆ అమరావతి సరుకు కొంటుంది, అమ్ముతుంది, ప్రభుత్వానికి లెక్క చెబుతుంది. ఆమె చేతులకూ చింతపండు పులుపుకు పడ్డ కోతలుంటాయా? తనలాగే కూలీలకు అన్నం వండాకే గోడౌనుకు పోతుందా? ఆమె వచ్చి పక్క సీట్లో కూర్చుంటే కాస్త జరిగి చోటివ్వాలనిపించింది. నిన్నటినుంచి ఉన్న భయం మంచులాగే ఎప్పుడు తేలిపోయిందో తెలియలేదు.

ఆఫీసులో ఏదడిగినా సుబ్రమణ్యమే జవాబు చెబుతుంటే ఆఫీసరు తలెత్తి చూశాడు.

"మీరెవరు?"

"ఆమె భర్తను సార్."

"అట్లయితే ఆ బెంచీ మీద కూర్చోండి."

ఫైలు ఆమె ముందుకు తిప్పాడు. "ఈ సంతకాలు మీవేనా అమ్మా?"

ఒక్కో కాగితమూ తిప్పింది. ఈ పసుపు వేలిముద్ర కూలీలకు పులిహోర కలిపిన రోజుది. ఈ నూనె చుక్క భార్గవి జ్వరంలో వడలడిగిన రోజుది. ఇక్కడ సంతకం వంకర పోయింది, వేడి గిన్నె తగిలి వేలు బొబ్బలెక్కినప్పుడు. తొమ్మిదేళ్ల తన బతుకును తనకు తెలియకుండానే ఎవరో నెలవారీగా కుట్టి దాచిపెట్టారు. ఎంతసేపు తిప్పిందో ఏమో, ఆఫీసరు గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది.

"ఈ వ్యాపారం ఎవరిదమ్మా?"

బెంచీ మీద సుబ్రమణ్యం దగ్గాడు. ఆమె కళ్ల ముందు భార్గవి నోటుపుస్తకం కదిలింది.

"నాదే సార్" అంది. "వాయిదాలిస్తే కట్టేస్తాను."

"ఎట్లా కడతారు?"

"గోడౌన్లో పోయినేటి చింతపండు ఉండాది. ఉప్పేసి, ఎండకు తిరగేసి, నేనే కాపాడినాను. కొత్త పండు దిగేలోపు అమ్మితే సగం బాకీ తీరిపోతాది. మిగిలింది నెలనెలా కడతాను."

"నీకేం తెలుసునే బేరం!" అన్నాడు సుబ్రమణ్యం లేచి నిలబడి. అది ఎంత మంచి పండో ఆయనకూ తెలుసు. అందుకే తిరిగి బెంచీ మీద కూలబడ్డాడు.

ఆఫీసరు వాయిదాల అర్జీ నింపించి బల్ల మీద పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? సుబ్రమణ్యం లేచొచ్చి జేబులోంచి పెన్ను తీసి, "ఊ, పెట్టు" అన్నాడు.

"ఉండండి" అంది అమరావతి. "సదవల్ల."

ఇద్దరు మగవాళ్లూ ఎదురుచూస్తుండగా మొదటి అక్షరం నుంచి చివరిదాకా తీరుబడిగా చదివింది. సంతకం పెట్టింది. ఆ కాగితం మీద మరకేమీ పడలేదు. పెన్ను భర్తకు తిరిగిచ్చి, చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"అంగడి బీగం చెవులు ఇట్లియ్యండి."